మంగళవారం అని చెప్పింది ఎవరికి

"సంతకం పెట్టకన్నయ్యా!"

సౌభాగ్య గుమ్మంలో చెప్పులు కూడా విప్పలేదు. సింహాచలం చేతిలో పెన్ను కాగితానికి బెత్తెడు దూరంలో ఆగింది. ఎర్ర సిగ్నలు పడితే రైలు ఆపడం డ్రైవరుగా ఆయనకి ముప్ఫై ఏళ్ళ అలవాటు.

ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో ఇన్‌స్పెక్టర్ దిలీప్. మోకాలి మీద టోపీ, మొహం నిండా జాలి. ఆ జాలి చూస్తేనే సౌభాగ్యకి ఒళ్ళు మండింది. బిలాస్‌పూర్ పోలీసుల కాగితం, హిందీలో ఉంది. దాన్ని చదవక్కర్లేదు, ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటివి తనూ రాయించింది. పరీక్షల ఒత్తిడి తట్టుకోలేక మా అమ్మాయి జ్యోతిర్మయి తనే నిద్రమాత్రలు మింగింది, మాకు ఎవరి మీదా అనుమానం లేదు. కింద తండ్రి సంతకం. కేసు కంచికి.

"ఆయియే అక్కా," అన్నాడు దిలీప్. "వ్యాపార్ విహార్ గోడౌన్లలో పోయిన బస్తాలన్నీ దొరికేశాయా? తీరిగ్గా ఉన్నట్టున్నారు."

"బస్తాలు దొరుకుతాయిరా. బస్తాల దొంగ దగ్గర మామూలు తినేవాడే దొరకడు."

పన్నెండేళ్ళ కిందట లాల్‌ఖదాన్ పట్టాల మీద రాగితీగ దొంగల వెంట పరిగెత్తింది, అప్పట్లో రైల్వే రక్షణ దళం ఆర్పీఎఫ్‌లో ఏఎస్సైగా ఉన్న సౌభాగ్య. ఆమె వెనకాల రొప్పుతూ వచ్చిన కానిస్టేబులు ఈ దిలీప్. మెడల్ వీడి మెడలో పడింది. తరవాత వీడు రాష్ట్ర పోలీసు పరీక్ష రాసి ఎగిరిపోయాడు. ఆమె ప్రమోషను పరీక్ష మూడుసార్లు తప్పి, ఉద్యోగం మొహాన ఉమ్మేసి బయటికొచ్చి, ట్రాన్స్‌పోర్టు కంపెనీలకి సరుకు దొంగల్ని పట్టిచ్చే పని పెట్టుకుంది. వీడి భుజం మీది నక్షత్రాల వైపు చూడకూడదనుకుంటుంది, చూస్తుంది. ఇవాళ కూడా మూడే ఉన్నాయి.

"అక్కా, సాఫ్ కేసు," అన్నాడు దిలీప్. "మంగళవారం పిల్లకి అమెరికా వాళ్ళ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఆ సాయంత్రమే టేబులు మీద వాలిపోయి, కుర్చీతో సహా కింద పడింది. కణత చిట్లింది. రక్తంలో నిద్రమందు ఉందని రైల్వే ఆస్పత్రివాళ్ళు రాసిచ్చారు. ఇంట్లోకి బయటివాళ్ళు ఎవరూ రాలేదు. ఇంకేం కావాలి?"

"మాత్రల అట్ట కావాలి. ఏది?"

"పారేసి ఉంటుంది."

"మాత్రలు మింగింది. లేచెళ్ళి అట్ట ఎవరికీ దొరక్కుండా పారేసింది. మళ్ళీ వచ్చి కుర్చీలో కూచుని పడింది. బావుందిరా. ఆ జాతి మాత్ర నేనూ వేసుకుంటాను, రోజూ రాత్రి సగం. మింగాక మంచందాకా వెళ్ళడమే గగనం. నువ్వు చెప్పినంత పని ఆ మగతలో చేసిందంటే దానికి డాక్టరు ఉద్యోగం కాదు, నీ ఉద్యోగం ఇవ్వాలి."

సింహాచలం పెన్ను కింద పెట్టేశాడు. "సెల్లెమ్మా, ఈ కాయితం మీద సంతకం పెడితే పిల్లకేటైనా అవుద్దా?"

"రేపు వీసా దగ్గర అడుగుతారు, ఎల్లుండి లైసెన్సు దగ్గర అడుగుతారు. నీ ప్రాణం నువ్వు తీసుకోబోయావా అని. బతికున్నన్నాళ్ళూ జవాబు చెప్పుకుంటూ ఉంటుంది. అది పెట్టాలనుంటే పెట్టు."

దిలీప్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సాయంత్రం మళ్ళీ వస్తాను. ఆపాటికి మీ దొంగని చూపించండి. లేకపోతే సంతకం."

"చూపిస్తాను. టోపీ పెట్టుకునే రా, తియ్యాల్సొస్తుంది."

వాడు వెళ్ళాక గాని ఆమె చెప్పులు విప్పలేదు.

ఒక్క విషయం ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పదు కూడా. మంగళవారం రాత్రి ఈ వార్త చెవిన పడగానే ఆమె గుండెలో ఒక మూల చల్లగా తగిలింది. పోయింది, దాని ఇంటర్వ్యూ పోయింది. ఆ చల్లదనం మీద తనే ఉమ్మేసుకుంది. అందుకే సింహాచలం పిలవగానే ఫీజు మాట ఎత్తకుండా వచ్చేసింది.

ఎందుకంత మంట అంటే, ఆమె కూతురు భవితా, ఈ జ్యోతిర్మయీ ఒకే బళ్ళో, ఒకే బెంచీ మీద చదివారు. భవితకి ఇక్కడే సర్కారు మెడికల్ సీటు వచ్చింది. కాలనీ అంతా మిఠాయి పంచింది సౌభాగ్య. జ్యోతికి రాలేదు. దేశం దాటి బిష్కెక్ వెళ్ళి చదివొచ్చింది. టికెట్ లేని డాక్టరు అని పేరు పెట్టారు కాలనీ జనం. ఆ పేరు పెట్టినవాళ్ళలో సౌభాగ్య ముందుంది. సీట్లు చాలవని ఒక్కనాడూ జెండా పట్టి రోడ్డెక్కని జనానికి, సీటు దొరకని పిల్లని చూసి నవ్వడానికి మాత్రం ఎక్కడలేని ఓపిక. తీరా ఇద్దరూ అమెరికాలో రెసిడెన్సీకి, అంటే ఆస్పత్రిలో జీతమిచ్చి స్పెషలిస్టు చదువు నేర్పే ఉద్యోగానికి, దరఖాస్తు పెట్టారు. పిలుపు జ్యోతికి వచ్చింది. భవితకి రాలేదు.

అసూయకి మందు లేదు. ఉంటే కాలనీలో అందరికీ ఊరికే మందులిచ్చే సౌభాగ్య మొగుడు రమణమూర్తి, రైల్వే ఆస్పత్రిలో రిటైరైన కాంపౌండరు, పెళ్ళానికే ముందు పోసేవాడు.

*

జ్యోతిర్మయి మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. కణతకి కట్టు. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. అది సౌభాగ్యకి ఎందుకో నచ్చలేదు. ఇంటర్వ్యూ పోగొట్టుకున్న పిల్ల ఏడవాలి కదా!

"మంగళవారం ఏం తిన్నావు? మొత్తం చెప్పు."

"పొద్దున ఇడ్లీ. మధ్యాహ్నం పప్పన్నం. అమ్మకి మంగళవారం ఒక్కపొద్దు, అమ్మ తినలేదు. నాలుగింటికి పొంగలి తిన్నాను అత్తా. గేటు సంచిలో ఉంది."

"ఎవరు పెట్టారు?"

"పతా నహీ. ధనుర్మాసం కదా, రోజూ ఎవరో ఒకరు ప్రసాదం పెడతారు. నాన్న రెస్టులో ఉన్నారు, ఎర్రగుడ్డ కట్టి ఉంది."

ఎర్రగుడ్డ సంగతి ఆ కాలనీలో పసిపిల్లలకీ తెలుసు. రాత్రి డ్యూటీ చేసొచ్చిన డ్రైవరు పడుకుంటే, గేటుకి ఎర్రగుడ్డ కడతారు. బెల్లు కొట్టకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, కుక్కర్ కూత కూడా వినిపించకూడదు. పాలప్యాకెట్టయినా ప్రసాదమైనా గేటుకున్న గుడ్డసంచిలో వేసి చప్పుడు కాకుండా పోవాలి. నిద్ర చాలని డ్రైవరు సిగ్నలు దాటేస్తే ఎంతమంది కొంపలు మునుగుతాయో ఎరిగిన మనుషులు పెట్టుకున్న మర్యాద అది. ఆ మర్యాద సందులోంచే ఎవడో దూరాడు.

"రుచి ఎలా ఉంది?"

"కర్పూరం తినేసినట్టుంది. వెనకాల కొంచెం చేదు." జ్యోతి ఇంకేదో చెప్పబోయి తల్లి వైపు చూసింది. "అత్తా, అసలు ఇంటర్వ్యూ..."

"పడుకోయే," అంది లక్ష్మీనరసమ్మ గట్టిగా. "తల నొప్పెడతాది. మాటాడకు."

సౌభాగ్య అది గమనించింది. గమనించి, తల్లి బెంగ అనుకుంది. అక్కడే మొదటి తప్పు చేసింది.

"వదినా, ఆ దొన్నె ఏం చేశావు?"

"పెసాదం కదేటి, సెత్తలో ఎయ్యకూడదు. తులిసమ్మ మొదట్లో ఎట్టినాను."

పెరట్లో తులసికుండీ. దాని మొదట్లో ఆకుదొన్నె, అడుగున రెండు ముద్దల పొంగలి ఎండి అట్టకట్టింది. సౌభాగ్య గొంతుక్కూచుంది. చుట్టూ చీమలు బారులు తీరి ఉన్నాయి. పక్కనే రాలిన బిస్కట్టు ముక్కని లాక్కుపోతున్నాయి. బెల్లమన్నం జోలికి మాత్రం ఒక్కటీ పోవడం లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. పచ్చకర్పూరం గుప్పున కొట్టింది. గుళ్ళో చిటికెడు వేస్తారు, ఇక్కడ గుప్పెడు పడింది. చేదు కప్పెట్టడానికి.

పుల్లతో కెలికింది. బియ్యం, పెసరపప్పు, బెల్లం. జీడిపప్పు లేదు. ఎండుకొబ్బరి పలుకులు నేతిలో వేయించి వేశారు. పిసినారి పొంగలి.

దొన్నె తిప్పి చూసింది. బుధవారీ బజారులో దొరికేవి మిషను మీద నొక్కినవి. ఇది అడ్డాకు. చీపురుపుల్ల చీల్చి చేత్తో కుట్టింది. ఈ చుట్టుపక్కల అలా కుట్టే చెయ్యి ఒక్కటే.

"ఇది చేసింది మన తెలుగువాళ్ళ కొంప," అంది లేచి, దొన్నెని కవర్లో వేసుకుంటూ. "గుడి ప్రసాదం కాదు."

లక్ష్మీనరసమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. "మనోళ్ళే? నరుడి కంటికి నల్లరాయి పగుల్తాదని మా అత్త ఊరికే అనీది కాదు వదినా. నాను జాగర్త పడినాను. ఎంత జాగర్త పడినా..."

"ఏం జాగర్త పడ్డావు?"

"ఏటీ లేదులే," అని ఆవిడ లోపలికి పోయింది.

*

పక్క క్వార్టర్లో కనకం అడ్డాకులు తడిపి గుడ్డలో చుడుతోంది. భర్త గార్డుగా చేసి పోయాడు, కొడుకు షెడ్డులో ఉన్నాడు. కాలనీ వార్తలకి ఆమె కంట్రోలు రూము.

"దొన్నె నాదే," అంది చూడగానే. "ఏటయ్యింది? సిల్లు పడిందా?"

"మంగళవారం ఎవరికిచ్చావు?"

"మంగళారం అని కాదమ్మా, ధనుర్మాసం మొదట్లోనే కట్టలు కట్టలు ఇచ్చేసినాను. గుడికి, శాంతాదేవి గారింటికి, మీ ఇంటికి, ఆ మూల అప్పలకొండ గారికి. అడిగినోళ్ళకల్లా ఇచ్చినాను. ఇంతకీ ఆ పిల్ల అంత పని ఎందుకు సేసినాది? ఇంటర్వ్యూ పోయినారమే అయిపోనాది కదా. బాగా సేసిందని కూడా సెప్పినారు."

"పోయిన వారం?"

"పోయిన సుక్కురారం. నరసమ్మే సెప్పినాది నాతో. ఒట్టు."

సౌభాగ్య ఆమె కళ్ళలోకి చూసింది. మంగళవారం అని తనకి లక్ష్మీనరసమ్మే స్వయంగా చెప్పింది. ఈ ముసల్ది పచ్చి అబద్ధమాడుతోంది.

"కనకమ్మా, నీ పొంగల్లో జీడిపప్పు వేస్తావా?"

"ఎయ్యకపోతే అదేం పొంగలి? నన్ను అనుమానిస్తన్నావేటి!" కనకం చేతిలో పుల్ల విసిరికొట్టింది. "ఆ పిల్ల అమెరికా ఎల్తే నాకేటి పోయింది? ఏడిసీవోళ్ళు ఏడిసినారు, కాదనను. మీ ఇంట్లో మాత్రం పండగ సేసుకున్నారేటి, ఆ పిలుపు వచ్చిన్నాడు? నీ కూతురు తలుపేసుకుని రెండ్రోజులు కూడు తిన్లేదని కాలనీ అంతా తెలుసు. ముందు నీ కొంప సోదా సెయ్యి!"

సౌభాగ్య చెంపలు వేడెక్కాయి. మోటారుసైకిలు ఎక్కింది. ఎక్కడికి వెళ్ళాలో కనకం చెప్పక ముందే ఆమెకి తెలుసు. పొద్దుటి నించీ ఆ దారి తప్పించుకు తిరుగుతోంది.

ఫోను మోగింది. రమణమూర్తి.

"సౌభాగ్యా, అన్నం తిన్నావా? చిక్కుడుకాయ కూర చేశాను."

"కేసులో ఉన్నానండీ."

"పిల్ల ఎలా ఉంది పాపం? లేచి తిరుగుతోందా? వాళ్ళు మళ్ళీ ఇంకో రోజు ఇస్తామన్నారా?"

"ఎవరు?"

"అదే, ఆ అమెరికా వాళ్ళు."

"ఒకసారి పోతే పోయినట్టేనట. పెట్టేయండి, బండి మీద ఉన్నాను."

"నెమ్మదిగా వెళ్ళు. రాత్రి మాత్ర మర్చిపోకు, పాలల్లోకి విరిచి ఉంచుతాను."

ఇరవయ్యేడేళ్ళ కాపురంలో ఆ మనిషి గొంతు ఒక్కసారీ లేవలేదు. భవిత అమెరికా పిలుపు రాలేదని ఏడ్చినా, మెడికల్ సీటు వచ్చిందని నవ్వినా ఆయన అదే గొంతుతో అన్నం తిన్నావా అని అడుగుతాడు. మెత్తటి మనిషి అని కాలనీలో పేరు.

*

భవిత క్యాజువాలిటీ డ్యూటీలో ఉంది. సర్కారు ఆస్పత్రి క్యాంటీన్లో పది నిమిషాలు దొరికింది. సౌభాగ్య రెండు టీలు, ఒక బిస్కట్ల ప్యాకెట్టు తెచ్చి బల్ల మీద పెట్టింది.

భవిత ప్యాకెట్టు వెనక్కి తోసింది. "కాజూ హై ఇస్మే. భూల్ గయీ క్యా మమ్మీ? జీడిపప్పు నాకు పడదు. ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి."

"తల తిరిగిపోతోందే. మర్చిపోయాను."

"తల్లిగా వచ్చావా, డిటెక్టివ్‌గా వచ్చావా?"

"ముందు డిటెక్టివ్‌గా. మంగళవారం మధ్యాహ్నం రెండు నించి నాలుగు దాకా ఎక్కడున్నావు?"

"ఇక్కడే. లారీ గుద్దిన కేసు, బెల్తరా నించి తెచ్చారు. ఇరవై మంది చూశారు నన్ను. ఔర్ కుఛ్?"

"జ్యోతికి పిలుపొస్తే రెండ్రోజులు తిండి మానేశావు."

"మానేశాను!" భవిత గొంతు పక్కబల్లదాకా వినిపించింది. "జలన్ హువీ, కుళ్ళు పుట్టింది. చాలా అయింది. ఎందుకవ్వదు? ఇంటర్ నించీ నేనే ఫస్టు. నాది సర్కారు సీటు. కానీ అమెరికా వాడి లెక్కలో నాదీ ఫారిన్ చదువే, దానిదీ ఫారిన్ చదువే. బిష్కెక్ అయినా బిలాస్‌పూర్ అయినా వాడికి ఒకటే. కాలేజీ కాగితాలు నేరుగా కాలేజీ నించే తెప్పించి చూస్తాడు. మొదటి పరీక్ష పాసా కాదా, అంతే, మార్కుల్లేవు. రెండోదానికి మార్కులున్నాయి. దానికి నాకంటే ఎక్కువొచ్చాయి మమ్మీ. ఇంగ్లీషు పరీక్ష ఇద్దరం పాసయ్యాం. సర్టిఫికెట్టు ఇద్దరికీ వచ్చింది. నూరుకి పైగా ఆస్పత్రులకి ఇద్దరం దరఖాస్తు పెట్టాం. దాన్ని ఒక్కచోట పిలిచారు. నన్ను ఒక్కచోటా పిలవలేదు. ఎందుకో చెప్పనా?"

"చెప్పు."

"అది మూడు నెలలు అక్కడికెళ్ళి, డాక్టర్ల వెనకాల తిరిగి, పని చూసి, వాళ్ళ చేత సిఫార్సు ఉత్తరాలు రాయించుకొచ్చింది. నేనూ వెళ్తానన్నాను. నువ్వేమన్నావు? సర్కారు సీటు డాక్టరువి, ఒకడి వెనకాల తోకలా తిరగడమేమిటి, వాళ్ళే పిలుస్తారు అన్నావు. పిలిచారా?"

సౌభాగ్య టీ చల్లారిపోయింది. అనుమానితుల్ని ఎంతమందినో కూచోబెట్టి ఏడిపించిన మనిషి. ఇవాళ తనే అవతలి కుర్చీలో ఉన్నట్టుంది.

"ఇప్పుడు దానిదీ పోయింది కదా," అంది నెమ్మదిగా. "మంగళవారంతో."

భవిత తల ఎత్తింది. "మంగళవారమా?"

"ఇంటర్వ్యూ."

"నీకు మంగళవారం అని చెప్పారా?" కూతురి కనుబొమలు ముడిపడ్డాయి. నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

"ఏమిటే? ఏం దాస్తున్నావు?"

"నేను చెప్పకూడదు. జ్యోతి ఒట్టు వేయించుకుంది. దాని మమ్మీని అడుగు." లేచి స్టెతస్కోపు మెడలో వేసుకుంది. "పదిహేను రోజుల్నించి దానికి ప్రశ్నలు నేనే వేస్తున్నాను. ఫోన్లో, రోజూ గంట. ఎలా కూచోవాలి, ఎక్కడ ఆగాలి, అన్నీ. మంట మంటే, దోస్తీ దోస్తీయే. అది నీకర్థం కాదు. మొన్న ఆ వార్త వచ్చినప్పుడు నీ మొహం నేను చూశాను మమ్మీ."

"ఏం చూశావు?"

"నువ్వే చెప్పు."

వెళ్ళిపోయింది. సౌభాగ్య విప్పని బిస్కట్ల ప్యాకెట్టు తీసుకుని లేచింది.

*

సాయంత్రం సింహాచలం క్వార్టరు గేటు ముందు జీపు ఆగి ఉంది. ఎర్రగుడ్డ లేదు. ఆయన్ని మధ్యాహ్నమే డ్యూటీకి పిలిచారట. లోపల దిలీప్ సోఫాలో వెనక్కి వాలి ఉన్నాడు. లక్ష్మీనరసమ్మ గోడకి చేరగిలబడి నించుంది.

"దొంగ ఏడి అక్కా?"

"పొంగల్లో ఉన్నాడు." కవరు బల్ల మీద పెట్టింది. "ల్యాబుకి పంపు. అడ్డాకు దొన్నె, కనకం కుట్టింది. పచ్చకర్పూరం గుప్పెడు, చీమలు కూడా ముట్టలేదు. పిల్ల మింగలేదురా, ఎవరో పెట్టారు."

దిలీప్ కవరు వైపు చూసి నవ్వాడు. "మంచిదే, పంపిస్తాను. నేనూ ఊరికే కూచోలేదు అక్కా. మీకంటే ముందే అందరి దగ్గరికీ వెళ్ళొచ్చాను. వినండి. కనకం ఏమంది? ఇంటర్వ్యూ పోయిన శుక్రవారమే అయిపోయిందంది. శాంతాదేవి గారు వచ్చే ఆదివారం అంది. పాలవాడు జనవరి ఆఖర్లో అన్నాడు. మీరు మంగళవారం అంటున్నారు. ఒక్క ఇంటర్వ్యూకి ఎన్ని రోజులు? అందరికీ చెప్పింది ఈవిడే. అంటే ఏమిటి? అసలు ఇంటర్వ్యూయే లేదు. బిష్కెక్ డాక్టర్ని అమెరికా వాడు పిలవడమేమిటి? పరువు కోసం ఒక కథ చెప్పారు, కథ ముదిరింది, తప్పించుకోడానికి మాత్రలు..."

"నోరు ముయ్యి!"

అరిచింది సౌభాగ్య కాదు, లక్ష్మీనరసమ్మ. ఆవిడ గొంతు అంత పైకి లేవడం ఆ గోడలు కూడా ఎప్పుడూ విని ఉండవు.

"ఉంది! ఇంటరువూ ఉంది! ఇయ్యాలే! ఏడున్నరకి! వోళ్ళకి తెల్లారి ఆపీసు తెరిసీ యేళ. నా కూతుర్ని పిలిసినారు, నిజంగా పిలిసినారు!"

దిలీప్ సోఫాలో నిటారుగా కూచున్నాడు.

సౌభాగ్యకి పొద్దుట జ్యోతి కళ్ళలో చురుకు గుర్తొచ్చింది. ఇంటర్వ్యూ పోలేదు. ఇవాళే. ఆ మాట తగలగానే పాత మంట ఒక్కసారి భగ్గుమంది. ఇంకా పోలేదా! మరుక్షణం సిగ్గుతో ఆరింది.

"మరి అన్ని రోజులెందుకు చెప్పావు వదినా?"

"దిష్టికి." ఆవిడ కిందకి జారి కూచుంది. "నూటికో కోటికో వొచ్చిన పిలుపు. అందరికీ ఒకే రోజు సెప్తే ఆ రోజు అందరి కళ్ళూ నా పిల్ల మీదే. ఒకొక్కళ్ళకి ఒకో రోజు సెప్తే దిష్టి సెదిరిపోద్దని మా అత్త నేర్పినాది. ఆవిడ పెళ్ళి ముహూర్తాలకీ అంతే సేసీది. కనకానికి పోయినాదన్నాను. శాంతాదేవికి ఆదోరం అన్నాను. ఎవులికేటి సెప్పినానో నాకే తెలుసు. మీ భవితకి మాత్రం జ్యోతి నిజం సెప్పినాది, నాను వొద్దన్నా ఇన్నేదు. మొన్న పిల్ల పడిపోతే, ఇంటరువూ పోనాదని మీరందరూ అన్నారు. అలాగే అనుకోనీ అని ఊరుకున్నాను. ఇంక ఎవులూ ఏడవరు కదాని."

దిలీప్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "దిష్టి కోసం పోలీసుల్ని కూడా..."

"నువ్వాగరా," అంది సౌభాగ్య. ఆమె బుర్రలో పట్టాలు మారుతున్నాయి. కనకం అబద్ధమాడలేదు. ఎవరూ అబద్ధమాడలేదు. శుక్రవారం అయిపోయిందనుకున్న మనిషి మంగళవారం మందు పెట్టడు. ఆదివారం అనుకున్న మనిషి ఆదివారం దాకా ఆగుతాడు. ఇవాళే అని తెలిసిన భవిత మంగళవారం ఎందుకు పెడుతుంది? తన కూతురు కాదు. గుండెల మీంచి బండ దిగినట్టయింది. "దిలీప్, ఈవిడ కాలనీ అంతటికీ తెలీకుండా వల పన్నింది. మందు పడింది మంగళవారం. మంగళవారం అని ఎవరికి చెప్పిందో వాళ్ళే దొంగ."

దిలీప్ లేచి నించున్నాడు. ఈసారి వెక్కిరించలేదు.

"వదినా, గుర్తు తెచ్చుకో. మంగళవారం అని నాకు కాక ఇంకెవరికి చెప్పావు? ఒక్క పేరు."

లక్ష్మీనరసమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"వదినా!"

"నీకే," అందావిడ కొంగులోంచి. "నీకొక్కదానికే సెప్పినాను."

సౌభాగ్య ఆవిడ మొహంలోకి చూస్తూనే ఉంది. కానీ కనిపిస్తున్నది ఆవిడ కాదు. మొన్న ఆదివారం మధ్యాహ్నం తన ఇంటి వంటగది. భవిత డ్యూటీలో ఉంది. తను గుమ్మంలో నించుని కడుపులో ఉన్నదంతా కక్కింది. "మంగళవారమట, ఆ టికెట్ లేని డాక్టరుకి ఇంటర్వ్యూ! ఆ పూట దాని నోరు పడిపోతే నా కడుపు చల్లబడును." వినే మనిషి ఒక్కడే ఉన్నాడక్కడ. పీట మీద కూచుని, ధనుర్మాసం పొంగలిలోకి ఎండుకొబ్బరి పలుకులు కోస్తున్నాడు. కూతురికి పడదని ఆ ఇంట్లో పాతికేళ్ళుగా జీడిపప్పు అడుగుపెట్టలేదు. ఆయన తలెత్తలేదు. అన్నం తిన్నావా అని మాత్రం అడిగాడు.

రోజూ రాత్రి సగం మాత్ర. విరిచేది ఆయన. అట్ట ఉండేది ఆయన పెట్టెలో.

"జ్యోతి ఏది?" సౌభాగ్య లోపలిగది తలుపు తోసింది. "లోపల ఉందా?"

"నేదు వదినా. అన్నయ్యగారొచ్చినారు మద్యాన్నం, పిల్లని సూసి కళ్ళంట నీల్లెట్టుకున్నారు. ఆయన లాటి మనిసి దగ్గిర ఇంక దాసి ఏటి లాభమని నిజం సెప్పేసినాను. మీ ఇంటరునెట్టు బాగోదమ్మా, మా ఇంట్లో ఇన్వర్టరు కూడా ఉంది, గది నిశ్శబ్దంగా ఉంటాదని ఆయనే ఆటోలో తీసుకెల్లినారు. నీకు తెలీదేటి? నువ్వే పంపినావనుకున్నాను."

సౌభాగ్య ఫోను తీసింది. జ్యోతి ఫోను స్విచాఫ్. మొగుడి నంబరు. మూడో రింగుకి ఎత్తాడు.

"ఏమండీ." గొంతు మామూలుగా ఉంచాలని చూసింది. "పిల్ల ఏదీ?"

"ఇక్కడే ఉంది సౌభాగ్యా." అదే గొంతు, మెత్తగా, లేవకుండా. "భవిత గదిలో, భవిత కుర్చీలో. ఖాళీ కడుపుతో ఏం మాట్లాడుతుంది పాపం, కాస్త తిను అన్నాను. వద్దంటూనే తింటోంది. మంచి పిల్ల."

"పెట్టకండి. ఏమండీ, వినండి, ఇంకేమీ పెట్టకండి!"

అవతల గిన్నెకి గరిటె తగిలిన చప్పుడు.

"అన్నావు కదే, నీ కడుపు చల్లబడాలని," అన్నాడు రమణమూర్తి. "నువ్వు నెమ్మదిగా రా."

ఫోను కట్టయింది.

సౌభాగ్య దిలీప్ వైపు తిరిగింది. ఈసారి వాడి భుజం వైపు చూడలేదు, కళ్ళలోకే చూసింది.

"జీపు తియ్యరా దిలీప్," అంది. "మా ఇంటికి."